దత్తపుత్రుల దేవుడు

ఫాంటసీ నవలలూ, సినిమాలూ, ఆటలూ అలవాటున్న ఎవరినైనా అడగండి, డ్వార్ఫులంటే ఎవరో టకటకా చెప్పేస్తారు. పొట్టిగా, గట్టిగా ఉంటారు. బొడ్డు దాకా గడ్డం. చేతిలో గొడ్డలో సుత్తో ఉంటుంది. కొండల్ని తొలిచి లోపల కాపురాలు పెడతారు, బంగారమంటే పడి చస్తారు, పగబడితే తరాల తరబడి మోస్తారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. మరి వాళ్ళు ఎవరికి దణ్ణం పెట్టుకుంటారు? పోయాక ఎక్కడికి వెళ్తామని అనుకుంటారు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలామంది "వాళ్ళకి మతం కూడానా?" అన్నట్టు చూస్తారు.

ఉంది. అంతేకాదు, కల్పిత ప్రపంచాల్లో ఇప్పటిదాకా పుట్టిన మతాలన్నిటిలోకీ మనసుని పట్టుకునేది టోల్కీన్ డ్వార్ఫులదే అని నా అభిప్రాయం. ఆయన ఎల్ఫుల గురించి ఎంత అందంగా రాసినా వాళ్ళకున్నదాన్ని మతం అనలేను. వాళ్ళలో చాలామంది దేవతల్ని కళ్ళారా చూశారు, వాళ్ళ పక్కింట్లోనే యుగాల తరబడి ఉన్నారు. పక్కింటాయన ఉన్నాడని నమ్మడానికి విశ్వాసం ఎందుకు? డ్వార్ఫుల సంగతి వేరు. ఎప్పుడో తాతలకి దేవుడు ఒక మాట ఇచ్చాడట. ఆ మాటకి సాక్షులెవరూ లేరు, చుట్టుపక్కల వాళ్ళెవరూ నమ్మరు. అయినా వీళ్ళు ఆ మాట పట్టుకునే బతుకుతారు, చస్తారు.

(మాట గురించి ఒక మాట. తెలుగులో "మరుగుజ్జులు" అనొచ్చు కదా అంటారేమో. మరుగుజ్జు అంటే మనకి ఒక మనిషి ఎత్తు గురించి చెప్పే మాట, వామనుడు గుర్తొస్తాడు. ఇది ఒక జాతి పేరు. అందుకని డ్వార్ఫులు అనే ఉంచేస్తున్నాను. టోల్కీన్ కూడా ఈ మాటకి బహువచనం ఎలా ఉండాలనే విషయంలో అచ్చు వేసేవాళ్ళతో పేచీ పడినవాడే.)

టోల్కీన్ ఈ జాతిని గాల్లోంచి తీయలేదు. పాత ఐస్లాండు కావ్యం 'వోలుస్పా'లో డ్వార్ఫుల పేర్ల పట్టిక ఒకటుంది. థోరిన్, డురిన్, బోంబుర్, ఆఖరికి గాండాల్ఫ్ పేరు కూడా అక్కడినుంచి తెచ్చుకున్నదే. పదమూడో శతాబ్దంలో స్నోరి చెప్పిన కథల్లో డ్వార్ఫులు ఈమిర్ అనే ఆదిమ రాక్షసుడి శవంలో పురుగుల్లా పుట్టారు. దేవతలు దయతలిచి బుద్ధీ రూపమూ ఇచ్చారు. ఆ కథల్లో దేవుళ్ళకి కావలసిన సామానంతా చేసిపెట్టేది వీళ్ళే. థోర్ సుత్తి వీళ్ళు చేసిందే, ఓడిన్ ఈటె వీళ్ళు చేసిందే. ఆకాశాన్ని నాలుగు దిక్కులా నలుగురు డ్వార్ఫులు మోస్తుంటారు. ఇంత చాకిరీ చేయించుకున్న కథలు, వాళ్ళు ఎవరికి మొక్కుకుంటారో ఒక్క ముక్క చెప్పవు. దేవుళ్ళకి ఆయుధాలు చేసేవాడికి సొంత దేవుడెవరన్న ఆలోచన ఆ కథలు చెప్పినవాళ్ళకి రానేలేదు. ఏ ఊళ్ళోనైనా పనివాళ్ళ గురించి పెద్దలు చెప్పే కథలు ఇలాగే ఉంటాయనుకోండి.

ఆటల వాళ్ళు ఈ ఖాళీని మరో రకంగా పూడ్చారు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1980లో వేసిన దేవతల పుస్తకంలో మొరాడిన్ అనే డ్వార్ఫు దేవుడున్నాడు. సుత్తీ దాగలీ ఆయన గుర్తు. తర్వాత ఆయన చుట్టూ ఒక పరివారం చేరింది. యుద్ధానికి ఒకరు, ఇల్లూ సంసారానికి ఒకరు, వ్యాపారానికీ అదృష్టానికీ ఒకరు, దురాశకి ఒకరు. కొండ అడుగున రహస్యాలు కాపలా కాసే మౌన దేవుడొకాయన ఉన్నాడు, ఆయనంటే నాకు కాస్త ఇష్టం. తక్కినదంతా కొత్త ప్రభుత్వం వచ్చాక శాఖలు పంచుకున్న మంత్రివర్గంలా ఉంటుంది. ఆటకి అది చాలు. మా అబ్బాయి ఆదివారాలు స్నేహితులతో కూచుని ఆడుతుంటే చూస్తాను, ఏ దేవుణ్ణి ఎంచుకుంటే ఏ శక్తి వస్తుందో వాడికి కంఠతా వచ్చు. ఆ దేవుడితో ఆ జాతికి ఉన్న పేచీ ఏమిటో మాత్రం పుస్తకంలో లేదు. భక్తుడికీ దేవుడికీ మధ్య తేలని లెక్క ఒకటి ఉన్నప్పుడే నాకు మతం మీద నమ్మకం కుదురుతుంది. మన రామదాసు చెరలో ఉండి రాముణ్ణి చెడామడా తిట్టలేదూ!

టోల్కీన్ పెట్టిన లెక్క ఇదీ. ఆయన పోయిన నాలుగేళ్ళకి, 1977లో, కొడుకు క్రిస్టఫర్ కూర్చి అచ్చువేసిన 'సిల్మరిలియన్'లో ఉంది.

సృష్టికర్త ఇలూవతార్. ఆయన కింద కొందరు దేవతలు, అందులో మట్టికీ రాతికీ లోహానికీ పనితనానికీ అధిపతి ఔలె. ఇలూవతార్ పిల్లలు, అంటే ఎల్ఫులూ మనుషులూ, ఇంకా లోకంలోకి రాలేదు. ఔలెకి ఓపిక పట్టలేదు. ఆయన కోరిక అధికారం కాదు, తన విద్య నేర్పడానికి ఎవరైనా కావాలి. శిష్యుడు దొరకని గురువు బాధ అది. కొండ కింద ఒక చావడిలో ఎవరికీ చెప్పకుండా ఏడుగురిని తయారుచేశాడు. రావలసిన పిల్లలు ఎలా ఉంటారో ఆయనకి సరిగా తెలియదు, అందుకని తనకి తోచినట్టు చేశాడు. లోకంలో దుర్మార్గుడి బలం ఎక్కువగా ఉన్న రోజులు కాబట్టి మొండిగా, ఎవరికీ లొంగనట్టుగా చేశాడు. చేసి, వాళ్ళకోసం తను కల్పించిన భాష నేర్పడం మొదలుపెట్టాడు.

ఇలూవతార్‌కి తెలిసిపోయింది. నీకు లేని అధికారం ఎందుకు తీసుకున్నావని అడిగాడు. ప్రాణం పోయడం నీ వల్ల కాదు, వీళ్ళు నువ్వు కదిలిస్తే కదిలే బొమ్మలు, నీ ధ్యాస మళ్ళితే అక్కడే నిలబడిపోతారన్నాడు. ఔలె తప్పు ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పుకున్నాడు. చేయాలన్న తపన నువ్వు పెట్టిందే కదా, తండ్రి చేసే పని చూసి పిల్లవాడు ఆడుకుంటూ అదే చేస్తే అది ఎగతాళి కాదు కదా అని. వీళ్ళని ఏం చేయమంటావో నువ్వే చెప్పు, లేదా నా చేతులతో నేనే పగలగొట్టేస్తానని ఏడుస్తూ సుత్తి ఎత్తాడు.

ఆ ఏడుగురూ వెనక్కి జంకారు. తలలు వంచి, కనికరించమన్నారు.

ఇలూవతార్ ఔలె చెయ్యి ఆపాడు. వీళ్ళు నువ్వు ఆడించే బొమ్మలే అయితే నీ దెబ్బకి భయపడేవాళ్ళు కారు, వీళ్ళకి ప్రాణం నేను ఎప్పుడో ఇచ్చేశానన్నాడు.

ఈ ఘట్టం చదివి అబ్రహాము కొడుకు మీద కత్తి ఎత్తిన కథ గుర్తుచేసుకునేవాళ్ళు చాలామంది. టోల్కీన్ నిష్ఠగల కాథలిక్కు, ఆ పోలిక సబబే. నాకు మాత్రం ఖాండవ దహనంలో మయుడు కనిపిస్తాడు. కృష్ణుడు చక్రం ఎత్తాడు, వెనక మంటలు, మయుడు అర్జునుణ్ణి శరణు వేడాడు. బతికాడు, బతికినందుకు మయసభ కట్టిచ్చాడు. పనివాడు పనితో ఋణం తీర్చుకున్నాడు. డ్వార్ఫుల కథలో పనితనం ఊసు లేదు. వాళ్ళు ఇంకా ఏమీ చేయలేదు, ఒక రాయి చెక్కలేదు, ఒక ఇనప ముక్క సాగగొట్టలేదు. భయపడ్డారు, అంతే. వాళ్ళకి ఆత్మ ఉందనడానికి ఆ భయమే సాక్ష్యమైంది. ఏ మతంలోనైనా ఇంత మెత్తని పుట్టుక కథ ఉందా అని వెతుకుతూనే ఉన్నాను.

మన విశ్వబ్రాహ్మణుల సంప్రదాయంలో విశ్వకర్మకి మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞ అని ఐదుగురు. వాళ్ళనుంచే కమ్మరం, వడ్రంగం, కంచర పని, రాతి పని, బంగారు పని వచ్చాయంటారు. అక్కడ సుత్తీ ఉలీ తిన్నగా వంశంలోంచి వచ్చిన ఆస్తి, దాని మీద ఎవరి దయా లేదు. డ్వార్ఫులది అలా కాదు. ఇలూవతార్ వాళ్ళని స్వీకరించాడు, స్వీకరిస్తూ షరతు పెట్టాడు. పెద్దపిల్లలు ఎల్ఫులే, వాళ్ళు లేచేదాకా మీరు రాతి కింద నిద్రపోవాలి. పైగా నేను కన్న పిల్లలకీ నేను దత్తు తీసుకున్న పిల్లలకీ మధ్య తగవులు వస్తాయని కూడా ముందే చెప్పాడు. ముందు పుట్టీ చిన్నవాళ్ళయ్యారు. ఇదీ నేను తేలని లెక్క అన్నది.

తర్వాత వచ్చే పేరా నాకు ఇంకా ఇష్టం. డ్వార్ఫులు చనిపోతే ఏమవుతారు? మళ్ళీ మట్టిలో, రాతిలో కలిసిపోతారు, అంతకుమించి ఏమీ లేదు అని ఎల్ఫుల మాట. డ్వార్ఫుల మాట వేరు. ఔలెని వాళ్ళు మహల్ అంటారు (మన మహల్‌తో సంబంధం లేదు). ఆ మహల్ తమని పోగుచేసి మాండోస్ మందిరాల్లో విడిగా ఒక చోట ఉంచుతాడనీ, ఆఖరున ఇలూవతార్ తమని కూడా పవిత్రం చేసి పిల్లల వరసలో కూర్చోబెడతాడనీ వాళ్ళ నమ్మకం. ఆఖరి యుద్ధం అయ్యాక లోకాన్ని మళ్ళీ కట్టాలి కదా, ఆ పనిలో మహల్‌కి సాయం చేయడం తమ వంతు అనుకుంటారు. స్వర్గంలో అప్సరసలు లేరు, సోమరితనం లేదు. పని ఉంది, పైగా అది మరమ్మత్తు పని.

టోల్కీన్ ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చడు. అదీ ఆయన గొప్పతనం. మీ నమ్మకం గురించి ఇంకొకరు, కాస్త చదువుకున్నవాళ్ళు, కాస్త అందంగా ఉన్నవాళ్ళు, వాళ్ళ పుస్తకాల్లో ఒక మాట రాసుకుంటారు. మీరు ఇంట్లో ఇంకో మాట చెప్పుకుంటారు. ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను, ఆఫీసులో మన దేవుళ్ళ గురించి నాకే వివరించి చెప్పినవాళ్ళని చూశాను. కాబట్టి నేను ఎవరి పక్షమో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 'హాబిట్' 1937లో వచ్చింది, సిల్మరిలియన్‌కి 40 ఏళ్ళ ముందు. అందులో చావుబతుకుల్లో ఉన్న థోరిన్, లోకం కొత్తదయ్యేదాకా తన తండ్రుల పక్కన వేచి ఉండే చావిళ్ళకి వెళ్తున్నానని బిల్బోతో చెబుతాడు. ఆ పుస్తకం చదివిన పిల్లలకి మహల్ ఎవరో తెలియదు, మాండోస్ ఏమిటో తెలియదు. అయినా ఆ ముసలాడు ఎక్కడికి వెళ్తున్నాడో తనకి రూఢిగా తెలుసన్న సంగతి తెలుస్తుంది. బంగారం గురించి అంత పేచీ పెట్టుకున్నవాడు, ఆఖరి నిమిషంలో బంగారమూ వెండీ ఇక్కడే వదిలేసి వెళ్తున్నానంటాడు. సినిమాలు బంగారం పిచ్చి చూపించడానికి పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఈ మాట మీద పెట్టి ఉంటే బాగుండేది.

"గుడి లేదు, పూజారి లేడు, ఒక మంత్రం లేదు, ఇదేం మతమండీ" అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొత్తంలో గిమ్లీ గుడికి వెళ్ళడు. కానీ మోరియా చీకటి దాటి, అప్పుడే గాండాల్ఫ్‌ని పోగొట్టుకుని, వెనక శత్రువులు తరుముకొస్తున్నా, ఖెలెద్-జారామ్ అనే చెరువు దగ్గర ఆగుతాడు. వాళ్ళ ఆదిపురుషుడు డురిన్ తొంగి చూసిన చెరువు అది. పట్టపగలు కూడా అందులో నక్షత్రాలు కనిపిస్తాయి, చూసేవాడి మొహం కనిపించదు. అక్కడికి ఫ్రోడోని వెంటబెట్టుకెళ్ళి చూపిస్తాడు. దాన్ని క్షేత్రదర్శనం అనకపోతే ఏమనాలి? ఆ డురిన్ మళ్ళీ మళ్ళీ తన వంశంలోనే పుడతాడని, అదే పేరు పెట్టుకుంటాడని కూడా వాళ్ళ నమ్మకం. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళల్లో పెరిగిన మనకి ఇది విడమరిచి చెప్పాలా.

ఇక భాష. మహల్ నేర్పిన ఖుజ్దుల్ వాళ్ళ ఇంటి భాష, పరాయివాళ్ళకి నేర్పరు. ఒక్కొక్కరికీ ఆ భాషలో ఒక అసలు పేరు ఉంటుంది, దాన్ని బయటివాళ్ళెవరికీ చెప్పరు, సమాధి రాతి మీద కూడా చెక్కరు. గిమ్లీ, బాలిన్ అన్నవి మనకోసం పెట్టుకున్న పేర్లు. 1955లో రాసిన ఒక ఉత్తరంలో టోల్కీన్, ఈ జాతిని తలుచుకుంటే తనకి యూదులు గుర్తొస్తారనీ, ఉన్న చోట అటు స్థానికులూ ఇటు పరాయివాళ్ళూ అయినవాళ్ళనీ, ఆ దేశపు భాషని సొంత భాష యాసతో మాట్లాడేవాళ్ళనీ రాశాడు. ఆ పోలికలో యూదులకి నొప్పి కలిగించే అంశాలు లేకపోలేదు, ముఖ్యంగా బంగారం వ్యవహారం. వాటిమీద జరిగిన విమర్శ న్యాయమైనదే. యాస గురించిన మాట మాత్రం నన్ను పట్టుకుంది. ఆఫీసులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న తెలుగువాళ్ళు నాకు డజన్ల కొద్దీ తెలుసు.

టోల్కీన్ వాళ్ళని కొండల్లోనే ఉంచేశాడు. వాళ్ళు పట్నానికి వలస వస్తే ఆ మతం ఏమవుతుందన్నది టెరీ ప్రాచెట్ ఆలోచించాడు. ఆయన డిస్క్‌వరల్డ్ డ్వార్ఫులకి టాక్ అని ఒకడున్నాడు. టాక్ ముందు తనని తాను రాసుకున్నాడు, తర్వాత చట్టాలు రాశాడు, తర్వాత లోకాన్ని రాశాడు. ఒక రాతి గుడ్డులోంచి ఇద్దరన్నదమ్ములు పుట్టారు. ఒకడు వెలుగులోకి నడిచి అక్కర్లేనంత పొడుగైపోయాడు, వాడు మనిషి. ఇంకొకడు చీకట్లోకి నడిచి సరైన ఎత్తులో ఆగాడు, వాడు డ్వార్ఫు. నవ్వొస్తుంది, కానీ నవ్వుతూనే ఆయన కత్తి దింపుతాడు. 2005లో వచ్చిన 'థడ్!' నవలలో, పట్నంలో స్థిరపడిన డ్వార్ఫుల మధ్యకి కొండల్లోంచి గ్రాగులనే గురువులు దిగుతారు. ఎండ తగలకుండా ఒళ్ళంతా నల్లటి తోలు కప్పుకుని, నేలమాళిగలోంచి బయటికి రాకుండా, ఎవరు అసలైన డ్వార్ఫో ఎవరు కారో తీర్పులు చెబుతుంటారు. పట్నంలో పుట్టి, పోలీసు ఉద్యోగమో రొట్టెల కొట్టో చూసుకునే కుర్రాళ్ళు తమ డ్వార్ఫుతనం చాలదేమోనని బెంగపడి వాళ్ళ చుట్టూ తిరుగుతారు.

పరాయి దేశంలో తెలుగు సంఘాల్లో నాలుగు పండగలకి వెళ్ళినవాళ్ళెవరికైనా ఇది కొత్త కాదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఏకాదశి ఎప్పుడో పట్టనివాళ్ళు ఇక్కడికొచ్చి ఇతరుల ఫ్రిజ్‌ల్లో ఏముందో విచారిస్తారు. ప్రాచెట్ కథలో ఇంకో మెలిక ఉంది. ఆ సృష్టి కథ చివర్లో, మిగిలిన గుడ్డు పెంకులోంచి ట్రోల్ పుట్టాడనీ, వాడు ఎవరికీ అక్కర్లేని జీవమనీ గ్రాగులు చెబుతుంటారు. పాత ప్రతిలో అలా లేదు. ఆ రాయి కూడా బతకాలని తాపత్రయపడుతుంటే చూసి టాక్ ముచ్చటపడ్డాడని ఉంది. రాత అంటే పవిత్రం, చెరపడమే మహాపాపం అని నమ్మే జాతిలో, మతం కాపాడతామన్నవాళ్ళే ఆ రాతని దాచేశారు.

అయినా నాకు టోల్కీన్ దగ్గరికే మనసు పోతుంది, దానికి ఒక అధోజ్ఞాపిక కారణం. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అనుబంధాల్లో అజనుల్బిజార్ యుద్ధం ఉంది. గెలిచారు, కానీ లెక్కలేనంతమంది పోయారు. డ్వార్ఫుల ఆచారం శవాన్ని రాతి సమాధిలోనే ఉంచాలి, మట్టిలో కూడా కాదు. అన్ని సమాధులు తొలవాలంటే ఏళ్ళు పడుతుంది. వదిలేస్తే మృగాల పాలు. ఆ లోయలో చెట్లన్నీ కొట్టి, చితులు పేర్చి, కాల్చేశారు. ఆచారానికి విరుద్ధమని తెలిసి, కుమిలిపోతూ చేశారు.

మా పెదనాన్నగారు ఇక్కడే పోయారు, జనవరిలో. మాకు ఇచ్చిన సమయం నలభై నిమిషాలు. రాజమండ్రి నుంచి పురోహితుడు ఫోన్లో మంత్రం చెబుతుంటే అన్నయ్య చెప్పాడు. నిప్పు పెట్టడం లేదు, ఒక మీట నొక్కడం ఉంది. కుండ పగలగొట్టడం కుదరదన్నారు. బయటికొచ్చాక మా పెద్దమ్మ మంచులో నిలబడి "ఇది దహనమేనంటావా?" అని అడిగింది. ఎవరం జవాబు చెప్పలేదు. మనకి నిప్పు ఆచారం, వాళ్ళకి నిప్పు ఆచారభంగం, కథ తిరగేసి ఉంది. ప్రశ్న మాత్రం ఒకటే. డ్వార్ఫులు ఆ ప్రశ్నకి ఏ గురువునీ అడగలేదు, ప్రాయశ్చిత్తమూ పెట్టుకోలేదు. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ సంతతి తర్వాతి కాలంలో, మా తాత కాల్చబడ్డ డ్వార్ఫు అని తలెత్తుకుని చెప్పుకునేవాళ్ళు. అంతకుమించి వివరం ఎవరూ అడిగేవాళ్ళు కారు.

ఈ కథలేవీ తెలియనివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, సిల్మరిలియన్ అంతా అక్కర్లేదు. అసలు చరిత్ర మొదలయ్యే భాగంలో రెండో అధ్యాయం చాలు, కొద్ది పేజీలే. ఔలె సుత్తి సంగతి అయిపోయాక మిగిలిన సగం ఆయన భార్య యవన్నా గురించి. ఆమె చెట్టూ చేమల దేవత. నీ పిల్లలు నా చెట్లని బతకనివ్వరని తగవు పెట్టుకుని, పెద్దాయన దాకా వెళ్ళి, అడవులకి కాపలా సంపాదించుకుని వస్తుంది. నీ పిల్లల్ని ఇక జాగ్రత్తగా ఉండమను అని మొగుణ్ణి హెచ్చరిస్తుంది. ఎంత కాపలా ఉన్నా వాళ్ళకి కట్టెలు కావాలి కదా అంటాడు ఔలె. అని, మళ్ళీ తన కొలిమి పనిలో పడిపోతాడు.